మొదటి ఎయిర్ పిస్టల్: మీ చేతికి సరిపోయేది ఎంచుకోవడం ఎలా?

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్ మీద పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. పిస్టల్ మీద గురి చూడటానికి ఉండే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ రెండింటి వరుస ఒక్క మిల్లీమీటరు తప్పితే, పది మీటర్ల దూరం వెళ్లేసరికి అది 31 మిల్లీమీటర్లు అవుతుంది. పది పడాల్సిన పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఏడులో పడుతుంది. అదే చేయి మొత్తం, మణికట్టు ఏమాత్రం వంగకుండా, ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ మీదా తేడా ఒక్క మిల్లీమీటరే.

ఈ లెక్క ఒంటబడితే పిస్టల్ కొనడంలో సగం పని అయిపోయినట్టే. పేరున్న కంపెనీల మ్యాచ్ పిస్టల్ ఏదైనా సరే, బిగించి పేలిస్తే పెల్లెట్లన్నీ ఒకే రంధ్రంలోంచి వెళ్తాయి. పాయింట్లు పోయేది మణికట్టు వంగడం దగ్గర, ట్రిగర్ లాగేటప్పుడు పిస్టల్ మూతి పక్కకు తిరగడం దగ్గర. ఆ రెండూ గ్రిప్ మీద, ట్రిగర్ అమరిక మీద ఆధారపడతాయి. అందుకే ఈ వ్యాసంలో బ్యారెల్ గురించి తక్కువ, చేతి గురించి ఎక్కువ ఉంటుంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచాక, అంతకుముందే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పతకాలు తెచ్చాక, రేంజ్‌లకు పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు మొదట అడిగే మాట ఒకటే: "ఏ పిస్టల్ కొనమంటారు?" దానికి జవాబు అంచెలంచెలుగా చూద్దాం.

ముందు చట్టం సంగతి

4.5 మిల్లీమీటర్ల, అంటే 0.177 అంగుళాల బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) ఉండి, శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ పిస్టల్‌కు మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ పిస్టళ్ల శక్తి ఈ హద్దుకు చాలా కిందే ఉంటుంది. తూటా పేల్చే .22 పిస్టల్ సంగతి పూర్తిగా వేరు. దానికి లైసెన్సు కావాలి, లైసెన్సుకు మామూలుగా 21 ఏళ్లు నిండాలి. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో షూటింగ్ మొదలుపెట్టే వాళ్లలో అత్యధికులకు మొదటి పిస్టల్ అంటే ఎయిర్ పిస్టలే.

లైసెన్సు అక్కర్లేదు కదా అని దాన్ని ఆటబొమ్మలా చూడొద్దు. దూరం నుంచి చూసేవాళ్లకు అది అసలు తుపాకీలాగే కనిపిస్తుంది. బస్సులో, కారులో, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కేసు తెరవకండి. బిల్లు కాపీ కేసులోనే ఉంచండి. ఇంట్లో తాళం వేసిన చోట పెట్టండి, పెల్లెట్లు ఇంకో చోట పెట్టండి.

అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న మేనమామ సూట్‌కేసులో పెట్టుకొచ్చేస్తాడు అనే ఆలోచన కూడా మానుకోండి. దిగుమతికి అనుమతి కావాలి, లేకపోతే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది. మీ రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌ను అడిగితే దారి చెబుతారు.

కొనే ముందు అరువు పిస్టల్‌తో కాల్చండి

గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని రేంజ్ కావచ్చు, మీ ఊళ్లో ప్రైవేటు అకాడమీ కావచ్చు. ముందు అక్కడి క్లబ్ పిస్టల్‌తో రెండు మూడు నెలలు కాల్చండి. చేరిన వారంలోనే కొనేసే వాళ్లను చూస్తుంటాం. ఆ దశలో నిలబడే తీరే కుదరదు, భుజం ఎక్కడ ఆగాలో శరీరానికి తెలియదు, పట్టు రోజుకోలా ఉంటుంది. అలాంటి చేతికి ఏ గ్రిప్ సరిపోతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ రెండు మూడు నెలల్లో కనీసం రెండు మూడు కంపెనీల పిస్టళ్లు పట్టుకుని చూడండి. స్టెయిర్, మొరీని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, పార్డీని పిస్టళ్లు మన రేంజ్‌లలో తరచుగా కనిపించేవే. పక్క లేన్ వాళ్లను మర్యాదగా అడిగితే, కోచ్ ఎదుట, ఒకసారి పట్టుకోనివ్వడానికి చాలామంది కాదనరు. వాళ్ల స్క్రూలు మాత్రం ముట్టుకోకండి.

ఏ రకం పిస్టల్?

బజార్లో కొన్ని వేలకు దొరికే, బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ పిస్టల్ మ్యాచ్‌కు పనికిరాదు. లోపలి స్ప్రింగ్, పిస్టన్ ముందుకు దూసుకెళ్లి ఆగేటప్పుడు వచ్చే కుదుపు పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే చేతికి తగులుతుంది. ట్రిగర్ కూడా బరువు. దాంతో నేర్చుకున్న అలవాట్లు తర్వాత వదిలించుకోవడానికే ఒక ఏడాది పడుతుంది.

చేత్తో ఒక్కసారి లివర్ లాగి గాలి బిగించే రకం ఇంకొకటి. గామో కాంపాక్ట్, రష్యా తయారీ ఇజ్-46 ఈ కోవకు చెందినవి. కుదుపు దాదాపు ఉండదు, సిలిండర్ గొడవ లేదు, ఇంట్లో సాధనకు బాగుంటాయి. కానీ ప్రతి షాట్‌కూ లివర్ లాగాలి. పన్నెండేళ్ల పిల్లకు ముప్ఫై షాట్లు అయ్యేసరికి చేయి వణకడం మొదలవుతుంది.

పాత కార్బన్ డయాక్సైడ్ పిస్టళ్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుంటాయి. ఆ గ్యాస్ ఒత్తిడి వాతావరణపు వేడిని బట్టి మారిపోతుంది. మే నెలలో ఏసీ లేని రేంజ్‌లో ఉదయానికీ మధ్యాహ్నానికీ పెల్లెట్ వేగంలో తేడా వస్తుంది. మన ఎండలకు అది తగదు.

మిగిలింది సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి వరకు గాలి నింపి వాడే పీసీపీ రకం. పోటీల్లో కనిపించేవి దాదాపు అన్నీ ఇవే. ఒకసారి నింపితే మ్యాచ్ 60 షాట్లూ, ముందు గురి సరిచూసుకోవడానికి వేసుకునే, లెక్కలోకి రాని సైటింగ్ షాట్లూ దాటి ఇంకా మిగులుతుంది. పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉంటే నేరుగా దీనికే రండి.

గ్రిప్: సమయమంతా ఇక్కడ పెట్టండి

మ్యాచ్ పిస్టళ్ల గ్రిప్‌లు ఎక్స్‌ట్రా స్మాల్, స్మాల్, మీడియం, లార్జ్ సైజుల్లో వస్తాయి. కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. దుకాణంలో ఉన్నది మీడియం కాబట్టి మీడియమే అంటగడతారు. "పిల్లాడు ఎదుగుతాడు కదా, పెద్దదే తీసుకోండి" అని కూడా అంటారు. స్కూలు బూట్ల విషయంలో ఆ మాట వినొచ్చు, ఇక్కడ వద్దు. వదులు గ్రిప్‌ను పిల్లలు వేళ్లు బిగించి పట్టుకుంటారు. బిగించిన వేళ్లతో ట్రిగర్ వేలు ఒక్కటే విడిగా కదలడం అసాధ్యం. చిన్న గ్రిప్ ఇప్పుడు కొని, చేయి పెరిగాక గ్రిప్ ఒక్కటే మార్చుకోవచ్చు. పిస్టల్ మార్చక్కర్లేదు.

తెల్ల కాగితం మీద అరచెయ్యి పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. అరచేతి వెడల్పు, మణికట్టు మడత నుంచి చూపుడు వేలి కొస వరకు పొడవు కొలిచి రాసుకోండి. కంపెనీల సైజు పట్టికలు ఈ కొలతల మీదే ఉంటాయి. పట్టిక చెప్పింది మొదటి అంచనా మాత్రమే. అసలు పరీక్ష ఇలా చేయాలి.

పిస్టల్ ఖాళీగా ఉందని, చాంబర్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) ఉందని చూసుకోండి. రేంజ్ లేన్‌లోనే, మూతి టార్గెట్ వైపే ఉంచండి. ఎడమ చేత్తో బ్యారెల్ పట్టుకుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న పంగలోకి గ్రిప్‌ను లోపలికంటా నెట్టండి. ఇప్పుడు మిగతా వేళ్లు చుట్టండి. మధ్యవేలు ట్రిగర్ గార్డ్ కిందికి ఆనాలి. అరచేతి మడమ కింద ఉండే చెక్క పలకను పైకి జరిపి, చెయ్యి దాని మీద కూర్చునేలా బిగించండి. నొక్కుకుపోయేలా వద్దు.

కళ్లు మూసుకోండి. చేయి ఎత్తి, టార్గెట్ ఎత్తుకు వచ్చిందనిపించిన చోట ఆపి, ఒక ఊపిరి వదిలి కళ్లు తెరవండి. ముందు సైట్ ఎక్కడుంది? వెనక సైట్ గాడి నడుమ, పైఅంచులు సమంగా కనిపిస్తే ఆ గ్రిప్ మీది. ప్రతిసారీ పైకే పొడుచుకొస్తుంటే గ్రిప్ కోణం మీ మణికట్టుకు కుదరలేదు. గ్రిప్ స్క్రూ వదులు చేసి మూతి కొంచెం దిగేలా తిప్పాలి. ప్రతిసారీ ఒకే పక్కకు జరిగి కనిపిస్తే గ్రిప్‌ను అడ్డంగా తిప్పాలి, లేదా సైజే తప్పు. ఒక్కోసారి ఒక్కోలా కనిపిస్తే మాత్రం లోపం గ్రిప్‌లో లేదు, మీ పట్టు ఇంకా కుదురుకోలేదు. ఈ పరీక్ష ఒకసారి చేసి వదిలేయకండి. వేర్వేరు రోజుల్లో, అలసటగా ఉన్నప్పుడు కూడా చేసి చూడండి. పై ధర పిస్టళ్లలో గ్రిప్‌ను అన్ని దిక్కులకూ తిప్పుకునే వీలుంటుంది. నన్నడిగితే ఎక్కువ డబ్బు పెట్టదగిన సౌకర్యం ఇదొక్కటే.

చెక్కను అరగదీయడం గురించి. పెద్ద షూటర్ల గ్రిప్‌లు చూస్తే ఒకచోట చెక్కేసి, ఇంకోచోట పుట్టీ అంటించి, గతుకుల రోడ్డులా ఉంటాయి. మీరు మొదటి నెలలో ఆ పని పెట్టుకోవద్దు. తర్వాత కూడా నొప్పి పుట్టే చోటు ఒకటి ఖాయంగా తేలాకే మొదలుపెట్టండి. అరచేతికి కొంచెం సుద్దపొడి రాసుకుని గ్రిప్ పట్టుకుని వదిలితే, ఎక్కువ ఒత్తుకునే చోట తెల్లగా అంటుకుంటుంది. అక్కడ సన్న గరుకు కాగితంతో నాలుగు రుద్దులు, మళ్లీ పట్టుకుని చూడటం, మళ్లీ నాలుగు. ఖాళీ మిగిలిన చోట పుట్టీ కొద్దిగా. తీసేసిన చెక్క తిరిగి రాదు. అరగదీసిన గ్రిప్‌తో పిస్టల్ అమ్మబోతే ధర కూడా పడిపోతుంది.

నియమాలు కూడా గుర్తుంచుకోవాలి. గ్రిప్‌లో ఏ భాగమూ మణికట్టుకు ఊతం ఇవ్వకూడదు. మడమ పలక అంచు పైకి వంగి చేతిని చుట్టుకోకూడదు. మ్యాచ్‌కు ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పరికరాల తనిఖీ) దగ్గర పిస్టల్‌ను 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పెట్టి చూస్తారు. పుట్టీ ఎక్కువై లావెక్కిన గ్రిప్ ఇరుక్కునేది ఆ 50 దగ్గరే.

ట్రిగర్ దూరం, ట్రిగర్ బరువు

చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం, కొసకూ మొదటి గీతకూ నడుమ, ట్రిగర్ మీద ఆనాలి. ఆనినప్పుడు వేలి మిగతా భాగానికీ గ్రిప్ చెక్కకూ మధ్య సన్నటి ఖాళీ కనిపించాలి. వేలు చెక్కను రాసుకుంటూ కదిలితే, లాగిన ప్రతిసారీ పిస్టల్‌ను పక్కకు నెట్టేస్తుంది. మీకు కనిపించదు, పక్కన నిలబడ్డవాళ్లకు కనిపిస్తుంది. అందుకే ఇది చూడమని కోచ్‌ను అడగండి. ట్రిగర్ బ్లేడును ముందుకూ వెనక్కూ జరిపే వీలు మ్యాచ్ పిస్టళ్లన్నిట్లో ఉంటుంది. పూర్తిగా వెనక్కి జరిపినా వేలు చాలకపోతే గ్రిప్ సైజు తగ్గించాల్సిందే.

ఎయిర్ పిస్టల్ ట్రిగర్‌కు కనీస బరువు 500 గ్రాములు. బ్యారెల్ నిలువుగా ఉంచి, 500 గ్రాముల తూకాన్ని ట్రిగర్‌కు తగిలించి ఎత్తితే పేలకూడదు. సరిగ్గా 500 దగ్గర ఆపకుండా కొంచెం పైన పెట్టుకోండి. లేకపోతే తూకం దగ్గర ఫెయిలై, మ్యాచ్‌కు పది నిమిషాల ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవాలి.

ట్రిగర్ రెండు దశల్లో కదులుతుంది. మొదటిది ఖాళీగా వెనక్కి వచ్చి ఒక గోడకు తగిలినట్టు ఆగే దశ, రెండోది పేలే దశ. కొత్తవాళ్లకు బరువులో ఎక్కువ భాగం మొదటి దశలో పెట్టి, ఆ గోడ వేలికి స్పష్టంగా తెలిసేలా చేస్తే మంచిది. మొదటి దశ మరీ తేలిగ్గా ఉంటే, చేయి ఎత్తుతుండగానే పేల్చేసే ప్రమాదం ఉంది.

మెకానికల్ ట్రిగరా, ఎలక్ట్రానిక్ ట్రిగరా? ఎలక్ట్రానిక్ ట్రిగర్ పేలే తీరు గాజు విరిగినంత శుభ్రంగా ఉంటుంది, డ్రై ఫైర్‌కూ (పెల్లెట్ లేకుండా ట్రిగర్ లాగే సాధనకూ) సులువు. కానీ బ్యాటరీ, సర్క్యూట్ అనే ఇంకో రెండు ఆందోళనలు తోడవుతాయి. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించింది. విలువైన నిమిషాలు పోయాయి, 575 స్కోరుతో 12వ స్థానంలో ఆగిపోయింది. అంతటి షూటర్‌కు పక్కనే బాగుచేసేవాళ్లున్నారు, మారు పిస్టల్ ఉంది. కర్నూలులోనో కరీంనగర్‌లోనో మొదలుపెట్టే వాళ్లకు అవేవీ ఉండవు. మొదటి పిస్టల్‌కు నా ఓటు మెకానికల్‌కే.

బరువు, బ్యాలెన్స్

నియమాల ప్రకారం పిస్టల్ 1500 గ్రాముల వరకు ఉండొచ్చు. పెద్దవాళ్ల మ్యాచ్ పిస్టళ్లు చాలావరకు 900 గ్రాముల నుంచి కిలో మధ్యే ఉంటాయి. అంకె కన్నా ఆ బరువు ఎక్కడుందన్నది ముఖ్యం. ముక్కు బరువైన పిస్టల్ నిదానంగా ఊగుతుంది, కానీ మణికట్టును త్వరగా అలసిపోయేలా చేస్తుంది. పిల్లలకు, సన్నటి మణికట్టు ఉన్నవాళ్లకు పొట్టి బ్యారెల్, చిన్న సిలిండర్ ఉన్న కాంపాక్ట్ మోడళ్లు ఉన్నాయి. వాటిని "చిన్నపిల్లల పిస్టల్" అని తీసిపారేయకండి.

పరీక్ష సులువే. మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. పేల్చకుండా దించేసిన ప్రయత్నాలు, సైటింగ్ షాట్లు కలుపుకుంటే చేయి నూరుసార్ల దాకా లేస్తుంది. కొనాలనుకున్న పిస్టల్‌తో ఒక పూట పూర్తి మ్యాచ్ కాల్చండి. మొదటి పది షాట్ల గుంపు చూసి మురిసిపోవద్దు. ఆఖరి పది చూడండి. ఆ పదీ టార్గెట్ కింది వైపుకు జారుతుంటే పిస్టల్ మీకు బరువెక్కువ, లేదా ముక్కు బరువెక్కువ. తేలికది కొని, బలం పెరిగే కొద్దీ చిన్న తూకాలు తగిలించుకోవచ్చు. బరువైన దాన్ని తేలిక చేయడానికి దారులు తక్కువ.

కన్ను, సైట్లు

రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న కంత వదిలి, దూరంగా ఉన్న గోడ గడియారాన్ని అందులోంచి రెండు కళ్లతో చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమైందో అదే మీ ప్రధాన నేత్రం. కుడిచేతివాటం, ఎడమ కన్ను ప్రధానం అయినా కంగారు పడక్కర్లేదు. పిస్టల్‌లో తల కొద్దిగా తిప్పుకుంటే సరిపోతుంది, లేదా గురి చూడని కంటికి అడ్డుపలక పెట్టుకోవచ్చు. అద్దాలున్న వాళ్లు కంటి వైద్యుణ్ణి కలిసేటప్పుడు ముందు సైట్ దూరం కొలిచి తీసుకెళ్లండి. స్పష్టంగా కనిపించాల్సింది ముందు సైటే, టార్గెట్ మసగ్గానే ఉండాలి.

వెనక సైట్ గాడి వెడల్పు మార్చుకునే వీలున్న పిస్టల్ తీసుకోండి. మొదట్లో ముందు సైట్‌కు అటూ ఇటూ వెలుతురు ధారాళంగా కనిపించేలా గాడిని వెడల్పుగా ఉంచండి.

సెకండ్ హ్యాండ్ కొంటే

ఒలింపిక్ స్థాయి కొత్త పిస్టల్ లక్షన్నర పైమాటే. అందుకే చాలామంది మొదటి పిస్టల్ సీనియర్ల దగ్గర కొంటారు. తప్పేం లేదు, మంచి పిస్టల్ ఎన్నో ఏళ్లు పనిచేస్తుంది. ముందు చూడాల్సింది సిలిండర్ మీద చెక్కిన తేదీ. యూరప్ కంపెనీల సిలిండర్లకు మామూలుగా పదేళ్ల గడువు. 2016లో తయారైతే 2026తో సరి. గడువు దాటిన సిలిండర్‌తో మ్యాచ్‌లో దిగనివ్వకపోవచ్చు, ఆ బాధ్యత షూటర్‌దే. పైగా 200 బార్ ఒత్తిడి చేతికి అంగుళాల దూరంలో ఉంటుంది. కొత్త సిలిండర్ ధర తీసేసి బేరం ఆడండి.

తర్వాత సిలిండర్ నింపి, గేజ్ ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, రాత్రంతా వదిలేయండి. పొద్దున ముల్లు దిగితే సీళ్లు పోయాయి. మార్చడం పెద్ద పని కాదు, కానీ విడిభాగాలు దొరికే మోడలేనా అని అడగండి. రేంజ్‌లో వేగం కొలిచే యంత్రం ఉంటే పది షాట్లు కాల్చి చూడండి. సెకనుకు 150 మీటర్ల దరిదాపుల్లో, పదీ దాదాపు ఒకేలా రావాలి. వేగం ఎక్కువా తక్కువా అన్నదాని కన్నా షాట్ షాట్‌కూ మారకపోవడం ముఖ్యం. గ్రిప్ అమ్మేవాళ్ల చేతికి చెక్కినదైతే, మీ సైజుది కొత్తది ఎంతకు వస్తుందో కూడా లెక్కలో వేసుకోండి.

గాలి, పెల్లెట్లు

గాలి ఎక్కడ నింపుకుంటారో కొనకముందే తేల్చుకోండి. రేంజ్‌లో పెద్ద సిలిండర్ ఉంటే చాలు. చేతి పంపుతో 200 బార్ ఎక్కించడం వ్యాయామమే అనుకోండి. పైగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఆ తేమ కూడా లోపలికి వెళ్తుంది, ఫిల్టర్ ఉన్న పంపే వాడాలి. ఎలా నింపినా వాల్వ్ నెమ్మదిగా తిప్పండి. నింపిన సిలిండర్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకండి.

పెల్లెట్లు చదును తల ఉన్న వాడ్‌కటర్ రకమే కావాలి, కాగితం మీద గుండ్రటి రంధ్రం పడేది దాంతోనే. 4.49, 4.50 అని తల సైజు డబ్బా మీద రాసి ఉంటుంది. ఏది మీ బ్యారెల్‌కు నప్పుతుందో బిగించి పేల్చి చూస్తే తెలుస్తుంది, కానీ ఆ తేడా పదో వలయం లోపలి తేడా. మీ గుంపు ఎనిమిదో వలయం దాకా పరుచుకుని ఉన్నంత కాలం ఖరీదైన పెల్లెట్లకు పెట్టే డబ్బు రేంజ్ ఫీజుకు పెట్టండి.

పిస్టల్ ఇంటికొచ్చాక గ్రిప్ కోణం, పలక ఎత్తు, ట్రిగర్ బ్లేడు స్థానం, సైట్ క్లిక్కులు (సైట్ స్క్రూ ఎంత తిప్పారో ఆ లెక్క) అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫోటోలు తీసుకోండి. ఒకసారి ఒక్క స్క్రూ మాత్రమే తిప్పండి. అది తిప్పాక కనీసం వారం కాల్చనిదే ఇంకోటి ముట్టుకోకండి.